నోటు మీద పులి, సింహాలు – జెండాలో చక్రం

ఒక వంద రూపాయల నోటు తీసి ముందు వైపు చూడండి. మధ్యలో గాంధీజీ. ఆయనకు కుడి పక్కన గవర్నరు గారి సంతకం, ఆ దగ్గరలోనే ఒక చిన్న గుండ్రటి ముద్ర. ముద్రలో ఒక చెట్టు, దాని ముందు ఒక జంతువు. అదే వైపు మరికాస్త పక్కన సింహాల గుర్తు. ఇప్పుడు ఇంట్లో పిల్లల్ని పిలిచి, గుండ్రటి ముద్రలో ఉన్న జంతువు ఏదో చెప్పమనండి. చాలామంది సింహమే అంటారు. అది పులి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కొన్నేళ్లు కరెన్సీ చెస్టులో పనిచేశాను. రోజూ కట్టలకు కట్టలు చేతుల మీదుగా పోయేవి. చిరిగిందా, మాసిందా, అసలుదా, నకిలీదా అని చూసేవాళ్లం తప్ప, నోటు మీద ఈ పులి ఎందుకుంది, ఆ సింహాలు ఎక్కడివి అని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. తర్వాత మా ఉద్యోగుల పిల్లలకు స్వాతంత్ర్య దినోత్సవం నాడు నాలుగు మాటలు చెప్పే బాధ్యత నా మీద పడింది. వాళ్లు వేసిన ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ చదివినవే ఈ వ్యాసంలోని సంగతులు. చదివిన కొద్దీ నాకు అర్థమైనది ఒక్కటే. ఏ జెండా అయినా, ఏ ముద్ర అయినా ఒక్క రోజులో, ఒక్క మనిషి చేతిలో తయారు కాలేదు. "ఇది మనందరిదీ అవుతుందా?" అని పదిమంది కూర్చుని వాదించుకుని, దిద్దుకుని, మార్చుకున్న తర్వాతే అది నిలిచింది. ఆ వాదనే దాని అసలు చరిత్ర.

పులి కోసం పడిన పాట్లు

రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పని మొదలుపెట్టింది. దానికో ముద్ర కావాలనుకున్నప్పుడు అప్పటి పెద్దలు కొన్ని షరతులు పెట్టుకున్నారు. బ్యాంకుకు ప్రభుత్వంతో ఉన్న సంబంధం కనిపించాలి, అలాగని అచ్చంగా ప్రభుత్వ శాఖలా ఉండకూడదు. అందులో ఏదో ఒక భారతీయత ఉండాలి. సాదాగా, అందంగా ఉండాలి. పెద్ద మార్పులు చేయకుండానే లెటర్‌హెడ్ల మీద కూడా వాడుకునేలా ఉండాలి.

ఈస్టిండియా కంపెనీ కాలపు డబుల్ మొహరు అనే బంగారు నాణెం మీద సింహం, తాటిజాతి చెట్టు ఉండేవి. ఆ నమూనా అందరికీ నచ్చింది. అయితే సింహాన్ని తీసేసి పులిని పెట్టారు. ఈ దేశానికి పులే తగిన గుర్తు అని వారి అభిప్రాయం.

అంతటితో కథ అయిపోలేదు. వాటా పత్రాల మీద ముద్ర వేయడానికి వ్యవధి తక్కువగా ఉండటంతో మద్రాసులోని ఒక సంస్థకు ఆ పని అప్పగించారు. 1935 ఫిబ్రవరిలో బోర్డు దాన్ని ఆమోదిస్తూనే, జంతువు రూపం ఇంకాస్త బాగుపడాలని కోరింది. అప్పటి డిప్యూటీ గవర్నరు సర్ జేమ్స్ టేలర్ దాన్ని అలా వదిలిపెట్టలేదు. కలకత్తాలోని బెల్వెడేర్ భవనం గేటు మీదున్న పులి విగ్రహానికి ఫొటో తీయించి, దాని ఆధారంగా కొత్త బొమ్మలు గీయించారు. 1938లో రాసిన ఒక ఉత్తరంలో ఆయన, ఒకరు గీసిన బొమ్మలో చెట్టు బాగానే ఉంది గానీ పులి కుక్కలా ఉందని, దాన్ని చూసి జనం నవ్వుతారని వాపోయారు. మరొకరి పులి బాగుంటే చెట్టు చెడిందట! చివరికి నాసిక్ సెక్యూరిటీ ప్రెస్ వారి చేతిలో పులీ, చెట్టూ రెండూ కుదిరాయి.

ఇది సరదా కథే, కానీ ఇందులో మనం నేర్చుకోవలసింది ఉంది. ముద్రలో చిన్న లోపం ఉన్నా చూసేవాడి నమ్మకం సడలుతుందని ఆ పెద్దలకు తెలుసు. బ్యాంకు నడిచేదే నమ్మకం మీద కదా.

రాజు పోయి సింహాలు వచ్చాయి

1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. కానీ మర్నాటి నుంచే నోట్లు మారిపోలేదు. బ్రిటిష్ రాజు బొమ్మ ఉన్న నోట్లే ఇంకా కొంతకాలం చెలామణిలో ఉన్నాయి. రాజు స్థానంలో ఎవరిని పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ముందుగా అందరికీ తట్టింది గాంధీజీ పేరే. నమూనాలు కూడా తయారయ్యాయి. చివరికి మాత్రం సారనాథ్ సింహాల వైపు మొగ్గారు. 1949లో వచ్చిన కొత్త రూపాయి నోటు మీద ఆ సింహాలు కనిపించాయి. 1950 ఆగస్టు 15న వచ్చిన కొత్త నాణేల మీదా రాజు పోయి సింహాలే వచ్చాయి. రూపాయి నాణెం మీద అంతవరకూ ఉన్న పులి స్థానంలో ధాన్యపు కంకులు చేరాయి. గాంధీజీ బొమ్మతో పూర్తి వరుస నోట్లు రావడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా సింహాలు నోటును వదలలేదు, కాస్త పక్కకు జరిగాయంతే.

ఈ సింహాలు కాశీకి దగ్గరలోని సారనాథ్‌లో 1904–05 తవ్వకాల్లో బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోక చక్రవర్తి నిలబెట్టించిన రాతి స్తంభం పైభాగం అది. ఎత్తు సుమారు ఏడు అడుగులు. చునార్ ఇసుకరాయితో చెక్కి, అద్దంలా నునుపు చేశారు. బుద్ధుడు తొలి బోధ చేసిన చోటు సారనాథ్. అందుకే అక్కడ ధర్మచక్రాలు.

పిల్లలకు ఒక చిన్న ప్రశ్న వేయండి. మన చిహ్నంలో సింహాలు ఎన్ని? నోటు మీద మూడే కనిపిస్తాయి. అసలు ఉన్నవి నాలుగు, వీపులు ఆనించి నాలుగు దిక్కులూ చూస్తున్నట్టు నిలబడి ఉంటాయి. నాలుగోది వెనక వైపు ఉంటుంది కాబట్టి బొమ్మలో కనిపించదు. వాటి కింది పట్టీ మీద ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటి మధ్య చక్రాలు. మన చిహ్నంలో నడుమ చక్రం, కుడి వైపు ఎద్దు, ఎడమ వైపు గుర్రం కనిపిస్తాయి. అసలు రాతి శిల్పంలో వీటన్నిటికీ కింద తలకిందులైన తామరపువ్వు ఆకారం ఉంది. దాన్ని చిహ్నంలో వదిలేశారు. 1950 జనవరి 26న, అంటే గణతంత్రం మొదలైన రోజునే, దీన్ని జాతీయ చిహ్నంగా స్వీకరించారు. అడుగున దేవనాగరి లిపిలో ఉన్న "సత్యమేవ జయతే" ముండకోపనిషత్తులోని మాట. ఆ మాట లేకుండా సింహాల బొమ్మ ఒక్కటే వేస్తే అది పూర్తి చిహ్నం కాదు.

అశోకుణ్ణే ఎందుకు ఎంచుకున్నారు? కళింగ యుద్ధంలో గెలిచి కూడా, ఆ యుద్ధంలో పోయిన ప్రాణాలకు పశ్చాత్తాపపడి, ఆ బాధను రాతి మీద చెక్కించిన రాజు ఆయన. ప్రజలు ఒకరి మతాన్ని ఒకరు గౌరవించాలని కూడా శాసనాల్లో రాయించాడు. సారనాథ్ మనకు దూరమే కావచ్చు గానీ అశోకుడి మాటలు మనకు దూరం కావు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఈనాటికీ ఉన్నాయి. గుత్తి వైపు వెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. నోటు మీది గుర్తుకీ మన ఊళ్ల బండలకీ ఉన్న చుట్టరికం వాళ్లకు కళ్లారా కనిపిస్తుంది.

బెజవాడ నుంచి ఢిల్లీ దాకా

ఇక జెండా. మన పాఠ్యపుస్తకాల్లో దీని కథ రెండు ముక్కల్లో ముగుస్తుంది. పింగళి వెంకయ్య గారు రూపొందించారు, 1947లో ఆమోదించారు. రెండూ నిజమే. ఆ రెంటి నడుమ జరిగినదే అసలు తెలుసుకోవలసిన సంగతి.

1906లో కలకత్తాలో ఒక జెండా ఎగిరింది. 1907లో మేడమ్ కామా జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో మరొకటి ఎగరేశారు. 1917 నాటి హోమ్ రూల్ జెండాలో ఎర్ర, పచ్చ చారలతో పాటు ఒక మూల బ్రిటిష్ జెండా కూడా ఉండేది. స్వరాజ్యం అడుగుతున్న జెండాలో పరాయి జెండా ఉండటం చాలామందికి నచ్చలేదు.

కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు ఈ విషయం మీదే ఏళ్ల తరబడి కృషి చేశారు. 1916లో దేశానికి తగిన జెండాల నమూనాలతో ఒక పుస్తకమే ప్రచురించారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు గాంధీజీ ఆయన్ను ఒక జెండా గీసి ఇవ్వమన్నారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు, మధ్యలో రాట్నం. రాట్నం పెట్టాలన్న సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. తర్వాత గాంధీజీకి మరో ఆలోచన వచ్చింది. రెండు పెద్ద మతాలకు రెండు రంగులైతే మిగిలినవారి సంగతేమిటి? అందుకని తెలుపు చేర్చమన్నారు. అప్పటి జెండాలో పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు ఉండేవి. ఈ వరుస చూస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఆ జెండా పట్టుకుని నడిచినందుకు జనం జైళ్లకు వెళ్లారు. 1923 నాటి నాగపూర్ జెండా సత్యాగ్రహం అలాంటిదే. జెండాతో ఊరేగింపు చేయకూడదన్న ఆంక్షను ధిక్కరించి దేశం నలుమూలల నుంచి వాలంటీర్లు వచ్చి అరెస్టయ్యారు. జమ్నాలాల్ బజాజ్ జైలుకు వెళ్లాక సర్దార్ పటేల్ ఉద్యమాన్ని నడిపించారు.

ఒక బ్యాంకరు ఇచ్చిన సిఫారసు

ఇక్కడే మన బ్యాంకు ఉద్యోగులకు దగ్గరైన ఒక ఘట్టం ఉంది. రంగుల్ని మతాలతో ముడిపెట్టి చెప్పిన దగ్గర నుంచీ పేచీ మొదలైంది. "మా రంగు ఎక్కడ?" అని సిక్కులు అడిగారు. అడగడం న్యాయమే. కానీ ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు ఇస్తూ పోతే జెండా ఇంద్రధనుస్సు అవుతుంది, అయినా ఎవరో ఒకరు మిగిలిపోతారు. దీన్ని తేల్చడానికి 1931లో కాంగ్రెస్ ఏడుగురితో ఒక కమిటీ వేసింది. అందులో నెహ్రూ, పటేల్, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హర్డీకర్ ఉన్నారు. కన్వీనరు మన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన డాక్టరు గారే ఆయన. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. జెండా గీసిన పింగళి వారిదీ, జెండా కమిటీని నడిపిన పట్టాభి గారిదీ బందరు ప్రాంతమే కావడం మనకు గర్వకారణం.

ఆ కమిటీ ఏం చెప్పిందో తెలుసా? మూడు రంగులు వద్దు, జెండా మొత్తం ఒకే కేసరి రంగులో ఉండాలి, ఒక వైపు రాట్నం ఉండాలి అంది. రంగుల పంపకమే లేకపోతే పేచీ ఉండదని వారి ఉద్దేశం. అంతమంది హేమాహేమీలు కలిసి ఇచ్చిన సిఫారసు అది. అయినా కాంగ్రెస్ కమిటీ దాన్ని ఒప్పుకోలేదు. జనం పదేళ్లుగా మోసిన, జైళ్లకు వెళ్లిన జెండా మూడు రంగులది. దాన్ని పూర్తిగా మార్చకుండా ఎరుపు స్థానంలో కేసరి పెట్టి, వరుస మార్చి, 1931 ఆగస్టులో ఆమోదించారు. పైన కేసరి, మధ్యలో తెలుపు మీద రాట్నం, కింద ఆకుపచ్చ.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు రంగులో కాదు, అర్థంలో జరిగింది. ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని ఆ తీర్మానంలోనే స్పష్టంగా చెప్పారు. కేసరి ధైర్యానికి, త్యాగానికి గుర్తు. తెలుపు సత్యానికి, శాంతికి. ఆకుపచ్చ విశ్వాసానికి, శౌర్యానికి. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆకుపచ్చను మట్టితో, మొక్కలతో మనకున్న అనుబంధంగా వివరించారు. ఇవాళ కూడా బడుల్లో, ఇళ్లలో "కాషాయం హిందువులది, పచ్చ ముస్లిములది" అని పిల్లలకు చెప్పేవారు ఉన్నారు. అలా చెప్పకూడదని మన పెద్దలు 1931లోనే తేల్చారు. ఒక రంగును ఒకరికి అంటగడితే, మిగతా రెండు రంగుల నుంచి వాళ్లను పక్కకు నెట్టినట్టే. జెండా మొత్తం ప్రతి ఒక్కరిదీ.

రాట్నం పోయిందా?

1947 జూన్‌లో రాజ్యాంగ సభ బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన మరో కమిటీ వేసింది. ఆజాద్, రాజాజీ, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేద్కర్ వంటివారు అందులో సభ్యులు. జూలై 22న నెహ్రూ తీర్మానం ప్రవేశపెట్టారు. రాట్నం స్థానంలో సారనాథ్ చక్రం వచ్చింది. కారణం చాలా మామూలుది. రాట్నానికి ఒక వైపు చక్రం, మరో వైపు కదురు ఉంటాయి. జెండాను రెండో వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. చక్రమైతే ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. రాట్నంలో ముఖ్యమైన భాగం చక్రమే కాబట్టి దాన్ని ఉంచామని నెహ్రూ సభకు వివరించారు. రాట్నం పోవడం గాంధీజీకి మాత్రం మనస్కరించలేదు.

తీర్మానం చదివితే ఇందులోని సమన్వయం తెలుస్తుంది. నీలిరంగు చక్రం రాట్నానికి ప్రతీక అని, దాని నమూనా మాత్రం అశోకుడి సింహస్తంభం మీది చక్రం అని అందులో రాశారు. అంటే ఆ 24 ఆకుల చక్రంలో చక్రవర్తీ ఉన్నాడు, నూలు వడికే ఇల్లాలూ ఉంది. ఆనాటి చర్చలో చివరగా మాట్లాడినది హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడు. సభ మొత్తం లేచి నిలబడి జెండాను ఆమోదించింది. ఆగస్టు 14 అర్ధరాత్రి సభకు ఆ జెండాను దేశ మహిళల తరఫున అందించినది హంసా మెహతా.

ఇరుగు పొరుగుల జెండాలు

"అందరికీ చోటు ఎలా?" అన్న ప్రశ్న మనకొక్కరికే ఎదురు కాలేదు. మన పొరుగు దేశాల జెండాలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు వెతుక్కున్నట్టు తెలుస్తుంది.

పాకిస్తాన్ జెండాలో ఆకుపచ్చ పక్కన ఒక తెల్లటి పట్టీ ఉంది. అది అక్కడి అల్పసంఖ్యాక ప్రజలకు గుర్తు. శ్రీలంకకు 1948లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఎగిరింది కాండీ రాజుల సింహం జెండా. అందులో తమిళులకు, ముస్లిములకు చోటేదన్న ప్రశ్న వచ్చి, 1951లో పక్కన కాషాయ, ఆకుపచ్చ పట్టీలు చేర్చారు. బంగ్లాదేశ్ తొలి జెండాలో ఎర్రటి గుండ్రం మధ్య దేశపటం ఉండేది. 1972లో దాన్ని తీసేశారు. ఆ గుండ్రం సరిగ్గా మధ్యలో ఉండదు, కర్ర వైపు కొద్దిగా జరిగి ఉంటుంది. జెండా గాలికి ఎగిరేటప్పుడు మధ్యలో ఉన్నట్టు కనిపించడానికే ఈ ఏర్పాటు. ఇక నేపాల్ జెండా నలుచదరం కాదు, రెండు త్రికోణాలు ఒకదాని మీద ఒకటి. దాన్ని ఎలా గీయాలో కొలతలతో సహా వారి రాజ్యాంగంలోనే ఉంది. జామెట్రీ బాక్సు ఉన్న పిల్లలకు ఇదొక మంచి సెలవు రోజు పని.

పట్టీ చేర్చినంత మాత్రాన సమస్యలు తీరిపోవని ఈ దేశాల చరిత్ర చెబుతుంది. జెండా మాట ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకోవలసింది మనుషులే.

మన రాష్ట్రాల ముద్రలు

తెలుగు రాష్ట్రాలు రెండూ తమ చిహ్నాలను తమ నేల మీది శిల్పాల నుంచే తీసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ చిహ్నంలోని పూర్ణఘటం అమరావతి బౌద్ధ శిల్పాల్లో కనిపించేదే. నిండు కుండ సమృద్ధికి గుర్తు. మన ఇళ్లలో శుభకార్యానికి పెట్టే కలశం అందులో గుర్తుకొస్తుంది. 2014లో రూపొందిన తెలంగాణ చిహ్నంలో ఓరుగల్లు కాకతీయ కళాతోరణం, 1591లో కట్టిన చార్మినార్ పక్కపక్కన కాదు, ఒకదానిలో ఒకటి ఒదిగి ఉన్నాయి. రెండు చిహ్నాల్లోనూ సారనాథ్ సింహాలున్నాయి. ప్రభుత్వ పత్రం చేతికొచ్చినప్పుడు ఆ ముద్రను ఒక నిమిషం చూడండి. మన చరిత్రలో రెండు వేల ఏళ్లు అరచేతంత చోటులో కనిపిస్తాయి.

ముద్రను చూసి మోసపోవద్దు

ఇప్పుడు బ్యాంకు మనిషిగా ఒక మాట. గుర్తు మీద మనకున్న గౌరవాన్నే మోసగాళ్లు ఆయుధంగా వాడుతున్నారు. ఆ మధ్య మా కౌంటరుకు ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. చేతులు వణుకుతున్నాయి. ఫిక్సెడ్ డిపాజిట్ వెంటనే రద్దు చేసి, డబ్బు ఒక ఖాతాకు పంపమన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆయనకు చెప్పారట. లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా మాట్లాడితే ఫోన్ తీసి చూపించారు. సింహాల చిహ్నం, కింద "సత్యమేవ జయతే", పక్కన రిజర్వు బ్యాంకు పులి ముద్ర. ఆయన పేరు మీద కేసు ఉందని, డబ్బు "తనిఖీ" కోసం బదిలీ చేయాలని ఆ ఉత్తరం.

"సింహాల ముద్ర ఉంది కదా బాబూ! నలభై ఏళ్లు పిల్లలకు దాని గురించి పాఠం చెప్పాను. దాన్ని ఎలా నమ్మకుండా ఉంటాను?" అన్నారాయన.

ఆ మాట నన్ను కదిలించింది. ఆయన అమాయకుడు కాదు. ఆ ముద్రను గౌరవించడమే ఆయనకు ముప్పు తెచ్చింది. అదృష్టవశాత్తు డబ్బు పోలేదు.

అందుకే మన కుటుంబాల్లో అందరికీ, ముఖ్యంగా పెద్దలకు ఈ విషయాలు చెప్పండి. చట్టంలో "డిజిటల్ అరెస్ట్" అనేదే లేదు. రిజర్వు బ్యాంకులో మామూలు వ్యక్తులకు ఖాతాలు ఉండవు. డబ్బు పంపమని అది ఎవరికీ ఫోన్ చేయదు, ఉత్తరం రాయదు. ముద్ర బొమ్మను ఎవరైనా కంప్యూటర్లో అతికించవచ్చు. ఉత్తరం మీద సింహాలు కనిపిస్తే నమ్మేముందు దగ్గరలోని బ్రాంచిలోనో, పోలీసు స్టేషన్లోనో అడగాలి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

జాతీయ చిహ్నాన్ని అనుమతి లేకుండా వాడటం 2005 నాటి చట్టం ప్రకారం నేరం. పదవి నుంచి దిగిపోయినవారు కూడా లెటర్‌హెడ్ల మీద వేసుకోకూడదు. ఎవరైనా సరదాకి కారు అద్దం మీదో, విజిటింగ్ కార్డు మీదో వేసుకుంటే "పోనీలే" అనుకోవద్దు. దొంగ ముద్రకూ అసలు ముద్రకూ తేడా చెరిగిపోయేది అలాంటి చోటే.

నోటు విషయంలోనూ అంతే. వంద రూపాయలు, ఆ పై నోట్ల మీద గాంధీజీ బొమ్మ, సింహాల గుర్తు కాస్త ఉబ్బెత్తుగా ముద్రిస్తారు. చూపు లేనివారు తాకి తెలుసుకోవడానికి ఈ ఏర్పాటు. కొత్త నోటు మీద ఒకసారి వేలితో రాసి చూడండి.

ఇంటి మీద జెండా

జెండా విషయంలో ఒక పెద్ద మార్పు మన కాలంలోనే వచ్చింది. ఒకప్పుడు మామూలు పౌరులు తమ ఇంటి మీద ఏడాది పొడవునా జెండా ఎగరేయడానికి వీలుండేది కాదు. పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ తన ఫ్యాక్టరీ మీద జెండా ఎగరేసి, అధికారులు అభ్యంతరం చెబితే కోర్టుకు వెళ్లారు. 2002 జనవరి 26 నుంచి కొత్త ఫ్లాగ్ కోడ్ అమలులోకి వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు, గౌరవంగా జెండా ఎగరేయడం భావప్రకటన స్వేచ్ఛ కింద పౌరుల హక్కు అని తీర్పునిచ్చింది. ఆ హక్కుకు హద్దులు కూడా ఉన్నాయని చెప్పింది. 2021 చివర్లో పాలిస్టరు, మిషను మీద నేసిన జెండాలకు అనుమతి ఇచ్చారు. 2022 నుంచి ఇంటి మీద రాత్రీ పగలూ ఉంచవచ్చు.

ఈ సౌకర్యం వల్ల జెండా ప్రతి ఇంటికీ చేరింది. అదే సమయంలో చేతితో వడికి నేసే ఖాదీ జెండాకు గిరాకీ తగ్గుతుందన్న బెంగ కూడా నేతవారికి పట్టుకుంది. కర్ణాటకలోని హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఖాదీ జెండాలు తయారుచేసే కేంద్రం ఉంది. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది మహిళలే. చక్రం రాట్నానికి గుర్తు అని మన తీర్మానమే చెప్పింది కాబట్టి, బ్రాంచికో, అపార్ట్‌మెంటుకో జెండా కొనేటప్పుడు ఒక్కటైనా ఖాదీది కొనమని నా మనవి.

గుర్తుంచుకోవలసిన నియమాలు ఎక్కువేం లేవు.

జెండా పొడవు, వెడల్పు నిష్పత్తి 3:2. అడ్డంగా ఉంచితే కేసరి పైన ఉండాలి. గోడకు నిలువుగా వేలాడదీస్తే ఎదురుగా నిలబడి చూసేవారికి కేసరి ఎడమ వైపు ఉండాలి. చిరిగినది, మాసినది ఎగరేయకూడదు. జెండా మీద ఏమీ రాయకూడదు. నేలకు, నీటికి తగలనీయకూడదు. బల్ల మీద గుడ్డలా పరచకూడదు.

పాడైన జెండాను చెత్తబుట్టలో వేయకూడదు. ఎవరూ చూడని చోట, మర్యాదగా, పూర్తిగా కాల్చివేయడం ఉత్తమ పద్ధతి. పిల్లలు పట్టుకునే కాగితపు జెండాలకూ ఇది వర్తిస్తుంది. ఆగస్టు 16 ఉదయం మన బ్రాంచి ముందు, కాలనీ రోడ్డు మీద ఒక్క జెండా కూడా కాళ్ల కింద పడి ఉండకూడదు. ఏరడానికి పదిహేను నిమిషాలు చాలు. పిల్లల చేత చేయిస్తే ఆ పాఠం వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది.

పిల్లలు అడిగితే

ఈసారి జెండా పండుగకు ముందు ఇంట్లో పిల్లలతో ఒక గంట కూర్చోండి. 1921 జెండా, 1931 జెండా, ఇప్పటి జెండా, మూడూ పక్కపక్కన గీయించండి. ప్రతి మార్పు దగ్గరా "ఎందుకు మార్చారు?" అని అడగండి. తెలుపు ఎందుకు వచ్చిందో, ఎరుపు ఎందుకు పోయిందో, రాట్నం ఎలా చక్రమైందో వాళ్లే చెబుతారు.

ఏ పిల్లవాడో "అంకుల్, ఆకుపచ్చ ఏ మతానిది?" అని అడిగితే నేను చెప్పే జవాబు ఒకటే. "ఏ మతానిదీ కాదు నాన్నా, పొలానిది. నువ్వు తినే అన్నం వచ్చే పొలానిది. అందుకే అది నీదీ, నాదీ, పక్కింటివాళ్లదీ కూడా."